ఎపిస్టాసిస్ అంటే ఒక జన్యువు ఇంకోదాన్ని ఆపేయడమేనా?

డిగ్రీ_రెండోఏడు:
జెనెటిక్స్‌లో ఎపిస్టాసిస్ దగ్గర ఆగిపోయానండి. "ఒక జన్యువు మరో జన్యువు ప్రభావాన్ని కప్పేయడం" అని నోట్సులో ఉంది. బహిర్గతత్వంలోనూ (డామినెన్స్) కప్పేయడమే కదా, మరి తేడా ఏంటి? పైగా నిన్న చదివిన ఒక పేపర్లో "రెండు జన్యువుల మధ్య ఎపిస్టాసిస్ ఉంది" అని రాశారు. చూస్తే అక్కడ ఏదీ దేన్నీ కప్పలేదు, మొక్కల ఎత్తుల అంకెలే ఉన్నాయి. సంకరంలో పిల్లల్లో వచ్చే 9:3:4, 9:7, 12:3:1 నిష్పత్తులన్నీ బట్టీ పట్టాను. పరీక్ష టెన్షన్ అలా ఉంచండి, ఇది నిజంగా అర్థం చేసుకోవాలని ఉంది.

జన్యుపాఠం:
బహిర్గతత్వం ఒకే జన్యువుకు చెందిన రెండు యుగ్మవికల్పాల (అంటే ఆ జన్యువు రెండు రూపాల) మధ్య సంగతి; బహిర్గత రూపం పైకి కనిపిస్తుంది, అంతర్గత రూపం దాగుతుంది. ఎపిస్టాసిస్ రెండు వేర్వేరు జన్యువుల మధ్య సంగతి. తేడా అంతే, దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. అసలు చిక్కు "కప్పేయడం" అన్న మాటతోనే. ఏటా క్లాసులో చెప్తుంటాను, కప్పేయడం అంటే ఆ జన్యువు పని మానేసిందని కాదు.

నిష్పత్తులు కాసేపు పక్కన పెట్టి లాబ్రడార్ కుక్కను చూడండి. బి జన్యువు ముదురు రంగు నలుపా, చాక్లెట్టా అన్నది తేలుస్తుంది. ఇ జన్యువు ఆ ముదురు రంగు వెంట్రుకల్లోకి రావాలా వద్దా అన్నది తేలుస్తుంది. ఇ రెండు ప్రతులూ అంతర్గత రకం అయితే బి ఏదైనా సరే, కుక్క పసుపే. రెండిటికీ విషమయుగ్మజాలైన (ఒక్కో జన్యువుకు ఒక బహిర్గత, ఒక అంతర్గత ప్రతి ఉన్న) కుక్కలను కలిపితే 9 నలుపు, 3 చాక్లెట్, 4 పసుపు. మీరు బట్టీ పట్టిన 9:3:4 ఇదే. ఇక్కడ ఇ ఎపిస్టాటిక్ (కప్పేది), బి హైపోస్టాటిక్ (కప్పబడేది).

ఇప్పుడు ఆ పసుపు కుక్కల ముక్కులు చూడండి. కొన్నిటికి ముక్కు నల్లగా, కొన్నిటికి గోధుమ రంగులో ఉంటుంది. బి బహిర్గత రకం ఒక్క ప్రతి ఉన్నా నల్ల ముక్కు, లేకపోతే గోధుమ ముక్కు. అంటే బి తన పని తాను చేస్తూనే ఉంది. వెంట్రుకల్లో ఆ పని కనిపించే వీలు లేదు, ముక్కు చర్మంలో ఉంది. అందుకే "ఫలానా జన్యువు ఎపిస్టాటిక్" అని ఊరుకుంటే సరిపోదు, ఏ లక్షణం విషయంలో అన్నది కూడా చెప్పాలి. జవాబు పత్రాల్లో ఈ ఒక్క ముక్క రాసేవాళ్లు చాలా తక్కువ, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

9:7 కూడా ఇలాగే చూడొచ్చు. తీపి బఠానీ పూలలో ఊదా రంగుకు రెండు జన్యువులూ పనిచేయాలి, ఏది చెడినా పువ్వు తెలుపే. ఒక తెల్ల మొక్కలో ఒకటి, ఇంకో తెల్ల మొక్కలో రెండోది చెడి, మిగతా జన్యువు ప్రతులు రెండూ మంచివే అయితే, ఆ రెండిటినీ సంకరం చేసినప్పుడు పిల్ల మొక్కలన్నీ ఊదా పూలు పూస్తాయి. ఆ పిల్ల మొక్కలను తమలో తాము సంకరం చేస్తే 9 ఊదా, 7 తెలుపు.

అంకెలమనిషి:
మీరు చదివిన పేపర్ సంగతి నేను చెప్తాను. ఈ మాటను కప్పేయడం అన్న అర్థంలో వాడుకలోకి తెచ్చింది జన్యుశాస్త్రవేత్త బేట్‌సన్, ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో. 1918లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దాదాపు అదే మాటను గణాంకాల్లోకి తీసుకెళ్లారు. ఆయన లెక్కలో, రెండు జన్యువుల ప్రభావాలను విడివిడిగా కూడితే వచ్చేదానికీ, నిజంగా వచ్చినదానికీ తేడా ఉంటే అది ఎపిస్టాసిస్. ఉదాహరణకు ఒక జన్యువు ఎత్తును 2 సెంటీమీటర్లు, ఇంకోటి 3 సెంటీమీటర్లు పెంచుతాయనుకోండి. రెండూ ఉన్న మొక్క 5 పెరగాల్సింది 9 పెరిగితే ఎపిస్టాసిస్ ఉన్నట్టే. ఏదీ దాగక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. ఈ రెండో అర్థం కొలిచే స్కేలు మీద ఆధారపడుతుంది. ప్రభావాలు ఒకదాన్నొకటి గుణించుకునే రకమైతే మామూలు స్కేలులో తేడా కనిపిస్తుంది, లాగరిథం తీసుకోగానే మాయమవుతుంది. కాబట్టి పేపర్ చదివేటప్పుడు ముందు చూడాల్సింది రచయిత ఏ అర్థంలో వాడారన్నది.

రక్తనిధి_టెక్నీషియన్:
మేడమ్ చెప్పిన ముక్కు లాంటిదే మా దగ్గరా ఉంది. బాంబే గ్రూప్ అనే అరుదైన రక్తం గ్రూపు, 1952లో మొదటిసారి బయటపెట్టారు. ఎ, బి యాంటిజెన్లు (ఎర్ర కణాల మీద గ్రూపును తేల్చే గుర్తులు) తయారవ్వాలంటే ముందు హెచ్ యాంటిజెన్ ఉండాలి. హెచ్ జన్యువు రెండు ప్రతులూ పనిచేయనివాళ్లలో అది ఉండదు, అందుకని బి గ్రూపు జన్యువు ఉన్నా పరీక్షలో ఓ అనే వస్తుంది. అక్కడితో ఆపేస్తే ప్రమాదం. వాళ్ల సీరమ్‌ను (రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవాన్ని) ఓ గ్రూపు ఎర్ర కణాలతో కలిపి చూస్తే అవి గుంపు కడతాయి, ఎందుకంటే వాళ్లలో హెచ్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటాయి. మామూలు ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదకు వస్తుంది, బాంబే గ్రూప్ రక్తమే కావాలి.

దాగిన ఆ బి జన్యువు పిల్లలకు వెళ్తుంది. రెండో తల్లి లేదా తండ్రి నుంచి మంచి హెచ్ ప్రతి అందితే, "ఓ" అని రాసి ఉన్న మనిషికి బి గ్రూపు బిడ్డ పుడుతుంది. కేవలం గ్రూపు చూసి కుటుంబాల్లో అనుమానాలు పెట్టుకోకూడదని మేం మొత్తుకునేది ఇందుకే.

డిగ్రీ_రెండోఏడు:
చాలా థాంక్స్ అందరికీ. మేడమ్, ఒక్కటి. కోడి జుట్టు (తలమీది ఎర్రటి తురాయి) ఆకారాల్లో కూడా రెండు జన్యువులున్నాయి కదా, కానీ 9:3:3:1 వస్తుంది. అది ఎపిస్టాసిస్ కాదా?

జన్యుపాఠం:
బేట్‌సన్ అర్థంలో కాదు. వాల్‌నట్, రోజ్, పీ, సింగిల్ అని నాలుగు ఆకారాలూ విడివిడిగా కనిపిస్తున్నాయి, ఏ తరగతీ ఇంకోదాని వెనక దాగలేదు. రెండు జన్యువులూ కలిసి కొత్త ఆకారం వచ్చింది కాబట్టి జన్యువుల పరస్పర చర్య అని రాయండి. పరీక్షలో ఉదాహరణ అడిగితే మాత్రం లాబ్రడార్ రాయండి, ముక్కు మర్చిపోకుండా.