పదో పుస్తకం దగ్గర బండి ఆగింది: 'క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్విలైట్' చదవాలా, దాటేయాలా?

లంక పాఠకుడు, అమలాపురం

అందరికీ నమస్కారమండి. రాబర్ట్ జోర్డన్ ఫాంటసీ నవలలు, 'వీల్ ఆఫ్ టైమ్' 14 పుస్తకాల వరసలో ఇప్పుడు పదోదాని మీద ఉన్నాను. తొమ్మిదోది ముగిసిన తీరు చూశాక, అంటే కథానాయకుడు రాండ్, నైనీవ్ కలిసి షాడార్ లోగోత్ అనే పాడుబడ్డ ఊరి దగ్గర సైడిన్‌కి (మగవాళ్లు వాడే మాయాశక్తికి) పట్టిన మకిలి వదలగొట్టాక, ఇక కథ పరుగే అనుకుంటాం కదా. ఇక్కడేమో 12వ చాప్టర్ అయిపోయినా ఎవరూ ఉన్నచోటు నుంచి కదలరు. ఆండోర్ సింహాసనం కోసం పెనుగులాడుతున్న ఇలేన్ స్నానం, టీ, సీ ఫోక్ అనే ఓడల జనంతో బేరాలు. పెర్రిన్ ఇంకా శత్రువులు ఎత్తుకుపోయిన భార్య ఫాయీల్‌ని వెతుకుతూనే ఉన్నాడు. రాండ్ జాడే లేదు.

చదివినవాళ్లు చెప్పండి. ఇది దాటేసి, సారాంశం చూసుకుని పదకొండోదానికి పోతే ఏం నష్టం? పుస్తకం అసలు ఎందుకిలా తయారైంది? చివరి మూడూ వేరే ఆయన రాశాడంటున్నారు, అక్కడిదాకా ఓపిక పట్టడం దండగేనా? పదకొండు తర్వాతి మలుపులు మాత్రం దయచేసి బయటపెట్టకండి.

గౌతమి గట్టు, రాజమహేంద్రవరం

మీకు విసుగు పుట్టిస్తున్నది నిడివి కాదండి. నాలుగోది, 'షాడో రైజింగ్', దీనికంటే చాలా పెద్దది. దాన్ని సాగదీత అన్నవాళ్లని చూడలేదు. ఇక్కడి తిరకాసంతా కాలంలో ఉంది. తొమ్మిదోదాని ఆఖరి రోజు దగ్గర కథ ముందుకు పోకుండా, అదే రోజున మిగతావాళ్లు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నారో ఒక్కొక్కళ్లనే తిరిగి చూపిస్తాడు. మ్యాట్ దగ్గర కాస్త ముందు నుంచి మొదలెడతాడు. పెర్రిన్ దగ్గరికొచ్చి మళ్లీ వెనక్కి. ఇలేన్ దగ్గర మళ్లీ వెనక్కి. ఎగ్వేన్ దగ్గరా అంతే. చానెల్ చేయగలిగిన, అంటే ఆ మాయాశక్తిని వాడగలిగిన ప్రతివాళ్లూ ఎక్కడో దూరంగా మహా శక్తి రగులుతోందని పసిగట్టి, అదేమిటో తెలీక హడలిపోతారు. 10వ చాప్టర్ పేరే 'ఎ బ్లేజింగ్ బీకన్'. అది తొమ్మిదోదాంట్లో మకిలి వదలగొట్టడమేనని మనకి ముందే తెలుసాయె. జవాబు తెలిసిన ప్రశ్నని నాలుగు ఊళ్లలో నలుగురు అడుగుతుంటే వింటూ కూర్చోవడమే సగం పుస్తకం. ఉత్కంఠ చచ్చిపోయేది అక్కడే.

అందుకని చాప్టర్ల వరసలో కాకుండా మనుషుల వరసలో చదవండి. ఈ పుస్తకం ఒక్కదానికీ ఆ పద్ధతి కుదురుతుంది, ఎందుకంటే ఒకరి దారికి ఇంకొకరి దారి దాదాపు ఎక్కడా తగలదు. 1 నుంచి 3 మ్యాట్, మళ్లీ 28, 29 అతనివే. ఐదూ ఒక్క బిగిన చదివితే సర్కస్ బళ్లతో ఎబూ డార్ వదిలి పోతున్న కథ చక్కగా ఒక చిన్న నవలలా నిలుస్తుంది, సియాన్‌చాన్ రాకుమారి టూఆన్‌తో నడిచే సంభాషణలూ తెగిపోవు. 4వది, సముద్రం దాటి దండెత్తి వచ్చిన ఆ సియాన్‌చాన్‌ల అధికారి కరేడ్ వైపు నుంచి, దాన్ని మ్యాట్ కథకి ముందు పెట్టుకోండి. పెర్రిన్‌వి 5 నుంచి 8, 25 నుంచి 27. మధ్యలో 9 ఫాయీల్ వైపు. 16 నుంచి 20 ఎగ్వేన్ శిబిరం, 21, 22 ఆ శిబిరం ముట్టడించిన వైట్ టవర్ (ఐజ్ సెడై అనే శక్తిగల ఆడవాళ్ల కోట) లోపలి సంగతులు, వాటి వెంటనే 30కి దూకండి. 30వది మాత్రం తొందరపడి తిరగేయొద్దు, పదకొండోదాంట్లో ఎగ్వేన్ కథంతా దాని మీదే లేస్తుంది.

ఇక మీరు ఇరుక్కున్న చోటు. 10 నుంచి 15 ఇలేన్‌వి, పుస్తకంలో నీరసమైన భాగం ఇదే, దాన్ని వెనకేసుకురాను. ఒక్క చీటీ రాసి పేజీల్లో పెట్టుకోండి: ఆండోర్‌లో పెద్ద వంశాలు 19, సింహాసనానికి 10 వంశాల మద్దతు కావాలి. ఎవరు ఇలేన్ వైపు, ఎవరు పోటీదారు అరిమిల్లా వైపు, ఎవరు గట్టు మీద కూర్చున్నారు, మూడు గళ్లు చాలు. ఈ లెక్క చేతిలో ఉంటే 13వ చాప్టర్‌లో ఆ పిల్ల ప్రభువులు దిగడం ఎందుకంత పెద్ద విషయమో తెలుస్తుంది. లెక్క లేకపోతే అది వట్టి పేర్ల జాబితా. 12లో సీ ఫోక్ బేరం ఫలితమేమిటో చూసుకుని మిగతాది కళ్లతో దాటేసినా కొంప మునగదు.

రాండ్‌కి ఉన్నది ఒక్క 24వ చాప్టర్. సియాన్‌చాన్‌తో సంధి కోసం మనుషుల్ని పంపిన వ్యవహారం అందులో ఉంది, దానికి జవాబు ఎపిలాగ్‌లో వస్తుంది. ఆ రెండూ పక్కపక్కన చదవండి.

ఉప్పుటేరు, కాకినాడ

గురువుగారు వరస బాగా చెప్పారు గానీ, మరీ అంత భక్తి అక్కర్లేదనిపిస్తుంది. ప్రోలాగ్‌లో సేనాని రోడెల్ ఇటురాల్డే ముక్క, 24, 27, 30, ఎపిలాగ్. ఇవి చదివి మిగతాది సారాంశంలో చూసుకున్నవాళ్లకి పదకొండోది అర్థం కాకపోవడమంటూ ఉండదు. ప్రోలాగే ఒక చిన్న నవలంత ఉంటుంది, అందులో అరడజను పైగా మనుషుల చూపులు మారతాయి. ఇటురాల్డే మాత్రం ముఖ్యం, సియాన్‌చాన్ మీద అతను పన్నుతున్న ఎత్తు తర్వాత పనికొస్తుంది.

దీనికి ఇంత చెడ్డపేరు రావడానికి ఇంకో కారణం కూడా చెప్పుకోవాలి. తొమ్మిదోది 2000లో వచ్చింది, ఇది 2003 జనవరిలో, పదకొండోది 2005లో. ఫాయీల్‌ని షాయిడో తెగవాళ్లు ఎత్తుకుపోయింది 1998లో వచ్చిన ఎనిమిదోదాంట్లో. అప్పటి పాఠకులు ఏళ్ల తరబడి ఎదురుచూసి, ఇది తెరిస్తే పెర్రిన్ ఇంకా వెతుకుతున్నాడు. తిట్టారంటే తిట్టరా! మీకు ఆ బాధ లేదు, పదకొండోది చేతికందే దూరంలో ఉంది. ఏమీ బయటపెట్టకుండా ఒక్కటే చెబుతాను: ఇక్కడ నానుతున్న దారులు చాలావరకు అందులో తేలిపోతాయి. జోర్డన్ ఒక్కడే పూర్తిచేసిన ఆఖరి పుస్తకం కూడా అదే.

సారాంశాల దగ్గర జాగ్రత్త. ఫ్యాన్ వికీల్లో మనిషి పేరు కొట్టి పేజీ తెరవకండి. మొదటి రెండు లైన్లలోనే అతను చివరికి ఏమయ్యాడో, ఎవర్ని పెళ్లి చేసుకున్నాడో ఉంటుంది. పేరు సగం టైప్ చేసేసరికి వెతుకుడు పెట్టె కూడా మిగతా సగం తనే చెప్పేస్తుంది. పుస్తకం పేరు, చాప్టర్ నంబరు కొట్టి చాప్టర్ సారాంశం మాత్రమే తెరవండి. 2015లో వచ్చిన 'కంపానియన్' అనే లావుపాటి పుస్తకం 14 అయ్యేదాకా ముట్టుకోవద్దు, అది అన్ని పుస్తకాలూ కలిపి రాసిన అకారాది. మీరు చదువుతున్న పుస్తకం వెనక ఉన్న పదకోశం వరకు ఫర్వాలేదు.

మిల్లు రోడ్డు, మండపేట

పెర్రిన్ చాప్టర్లని 'వెతుకుడు' అని తీసిపారేస్తున్నారు కాబట్టి 26 గురించి నాలుగు ముక్కలు. సో హబోర్ అనే ఊరికి ధాన్యం కొనడానికి వెళ్తారు. బస్తాల నిండా ముక్కపురుగు. జనం మురికి బట్టల్తో, స్నానపానాలు లేకుండా, ఎవరి కళ్లలోకీ చూడకుండా తిరుగుతుంటారు. కొన్న ధాన్యాన్ని ఊరి బయట చేటల్లో చెరిగి పురుగు వేరుచేయిస్తారు. మన డెల్టాలో గిడ్డంగి వాసన తెలిసినవాళ్లు ఎవరైనా ఆ చాప్టర్ దగ్గర ఆగుతారు.

చెరిగితే పైకి కనిపించే పురుగూ, లోపల డొల్లయిన తేలిక గింజా పోతాయి, నిజమే. కానీ ముక్కపురుగు గింజకి బెజ్జం చేసి లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది. పిల్లపురుగు గింజలోనే పెరిగి బయటికొస్తుంది. గుడ్డున్న గింజ బరువులో మంచి గింజకి తీసిపోదు, చేటలో కిందే ఉండిపోతుంది. కాబట్టి అలా చెరిగిన బస్తాని నాలుగు వారాలు నిలవుంచితే మళ్లీ మొదటికే వస్తుంది. చలికి పురుగు మందగిస్తుంది, పెరుగుదల ఆగిపోతుంది. అక్కడున్నది మంచు కాలం. అంత చలిలో బస్తా తెరవగానే పురుగు బిలబిలలాడిందంటే, లోకానికే ఏదో తెగులు పట్టిందని వేరే చెప్పక్కర్లేదు. యుద్ధం లేకుండానే ఆఖరి యుద్ధం దగ్గరికొచ్చేసిందని చెప్పిన చాప్టర్ అది. దాన్ని సారాంశంలో చదివితే 'ధాన్యం కొన్నారు, పురుగులున్నాయి' అని ఒక లైను. అందుకే ఉప్పుటేరు గారి జాబితాలో 26 లేకపోవడం నాకు నచ్చలేదు.

27లో జరిగేది చెప్పను. చదివే ముందు మొదటి పుస్తకంలో ఎలయాస్ పెర్రిన్‌కి గొడ్డలి గురించి ఇచ్చిన సలహా ఉన్న పేజీ ఒకసారి తిరగేయండి. సుత్తి మూడోదాంట్లో వస్తుంది. ఆ ముడి అక్కణ్నుంచి ఇక్కడిదాకా వచ్చింది.

ఉప్పుటేరు, కాకినాడ

26 కలపండి, ఒప్పుకున్నాను. ఇలేన్ స్నానం మాత్రం కలపను.

పద్యం పిచ్చి, భీమవరం

చివరి మూడింటి గురించి ఎవరూ చెప్పలేదు. జోర్డన్ 2007 సెప్టెంబరు 16న పోయారు. ఆయన భార్య హారియెట్ మెక్‌డూగల్, మొదటి నుంచీ ఈ పుస్తకాల ఎడిటర్ కూడా ఆవిడే, బ్రాండన్ శాండర్సన్‌ని ఎంచుకున్నారు. జోర్డన్ వదిలి వెళ్లింది ఖాళీ కాగితాలు కాదు: రాసిపెట్టిన ఘట్టాలు, చెప్పి రాయించినవి, బోలెడు నోట్సు. ఆఖరి ఘట్టం ఆయన రాతే. ఒక్క పుస్తకమనుకున్నది మూడయ్యింది: 2009, 2010, 2013.

మనవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ మొదలెట్టిన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన ఆ మిగిలిన ముక్క ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి 15 పర్వాలు తన దారిలో రాశాడు. ఆ ఖాళీని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు, అదీ నన్నయే రాస్తున్నట్టు, రాజరాజు పేరు మీదే. నన్నయ పోలికతో మొదలై పోనుపోను తిక్కన పోలికలోకి జారుతుందా శైలి. అతుకు కనిపించకూడదన్నది ఎర్రన పంతం. శాండర్సన్ ఆ పంతం పట్టలేదు. జోర్డన్ శైలిని అనుకరించబోలేదని పన్నెండోదాని ముందుమాటలోనే చెప్పేశాడు. కాబట్టి అతుకు కనిపిస్తుంది, దానికి సిద్ధపడే తెరవండి.

ఎక్కడ కనిపిస్తుందంటే, వాక్యం పొట్టిదవుతుంది. బట్టల అంచుల మీది కుట్టుపని వర్ణనలు తగ్గుతాయి. మాటలు కాస్త ఇప్పటి కాలం మాటల్లా వినిపిస్తాయి. అందరికంటే ఎక్కువ తేడా కొట్టేది మ్యాట్. పన్నెండోదాంట్లో అతని హాస్యం అరువు తెచ్చుకున్నట్టుంటుంది, పదమూడుకి చాలావరకు కుదుటపడుతుంది. రాండ్, ఎగ్వేన్ భాగాల్లో మాత్రం వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకదు. కథ వేగం వరదగోదారే. పద్నాలుగులో 'ది లాస్ట్ బ్యాటిల్' అనే ఒక్క చాప్టరే దాదాపు 200 పేజీలు, ఏదైనా సెలవు రోజు చూసుకుని మొదలుపెట్టండి. పదిలో ఓపిక పట్టిన దానికి అక్కడ వడ్డీతో సహా ముడుతుంది, ముఖ్యంగా ఎగ్వేన్ విషయంలో.

లంక పాఠకుడు, అమలాపురం

చాలా థాంక్సండి అందరికీ. మనుషుల వరసలోనే మొదలెడతాను, 26తో సహా. రెండు చిన్న సందేహాలు. 'న్యూ స్ప్రింగ్' అని ముందుకథ ఉందట కదా, అది ఎక్కడ చదవాలి? రెండోది పుస్తకం గురించి: నాది సెకండ్‌హ్యాండ్ పేపర్‌బ్యాక్, ఈ ముసురుకి నడుం దగ్గర జిగురు వదిలేసి పేజీలు చేతికొస్తున్నాయి.

గౌతమి గట్టు, రాజమహేంద్రవరం

'న్యూ స్ప్రింగ్' 2004లో వచ్చింది, సరిగ్గా పదికీ పదకొండుకీ మధ్య. అక్కడే చదవండి. చిన్నది, మొరెయిన్, లాన్ ఎలా కలిశారన్న కథ, పది తర్వాత నోరు చప్పబడినప్పుడు బాగుంటుంది. అన్నిటికంటే ముందు చదవమని కొందరంటారు, నేనైతే చెప్పను. ఐజ్ సెడై పరీక్షల గురించి, కాడ్స్వేన్ అనే ముసలి ఐజ్ సెడై గురించి తెలిసున్నవాళ్లకే అందులో మజా.

ఇలేన్ చాప్టర్లకి ఆడియోబుక్ ఇంకో దారి. మగవాళ్ల వైపు చాప్టర్లు మైకేల్ క్రేమర్, ఆడవాళ్లవి కేట్ రీడింగ్ చదివారు. వేగం 1.25 పెట్టుకుంటే 10 నుంచి 15 దాకా కాకినాడ బస్సులో గడిచిపోతాయి.

మిల్లు రోడ్డు, మండపేట

జిగురు సంగతి. సెల్లోటేపు మాత్రం వేయొద్దు, కొన్నాళ్లకి పసుపెక్కి అక్షరాలతో సహా ఊడొస్తుంది. తెల్ల ఫెవికాల్ టూత్‌పిక్‌తో నడుం లోపల సన్నగా రాసి, ఊడిన పేజీని లోపలికంటా నెట్టి, పైన నాలుగు లావు పుస్తకాలు బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. జిగురు ఎక్కువైతే పక్క పేజీలు కూడా అతుక్కుంటాయి, మధ్యలో మైనపు కాగితం పెట్టండి. ముసురు రోజుల్లో ఆరడానికి రెట్టింపు సమయం పడుతుంది, ఆరకుండా తెరిస్తే మళ్లీ అక్కడే విరుగుతుంది. చెమ్మ పట్టిన పుస్తకాన్ని ఎండలో పడేస్తే కాగితం వంకర తిరుగుతుంది, ఫ్యాన్ కింద పేజీలు విప్పి నిలబెట్టండి. బీరువాలో గోడకి ఆనించకుండా రెండంగుళాలు వదలండి, కలరా ఉండలు పుస్తకానికి తగలకుండా గుడ్డలో మూటకట్టి మూలన పెట్టండి. 700 పేజీల పేపర్‌బ్యాక్‌ని బల్ల మీద పెట్టి రెండు అట్టలూ వెనక్కి విరిచి చదివితే ఏ జిగురూ ఆగదండి, చేతిలో సగం తెరిచి పట్టుకోవడమే.