అప్‌డేట్: మా వాడికి కోచ్ పెడుతున్న మెసేజ్‌ల సంగతి

ఇంగ్లండ్‌లో పన్నెండేళ్ల మా అబ్బాయికి ఫుట్‌బాల్ కోచ్ రాత్రిపూట నేరుగా వాట్సాప్ మెసేజ్‌లు పెడుతున్నాడని పోయిన నెల అడిగాను కదా. కోచ్‌తో గొడవ పడకుండా ముందు క్లబ్‌లో పిల్లల భద్రత చూసే వెల్ఫేర్ ఆఫీసర్‌ని కలవమన్నారు. అదే చేశాం. పిల్లల జట్లున్న ప్రతి క్లబ్‌లోనూ ఆ ఆఫీసర్ ఉండాలన్నది అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమం.

ఆవిడ స్క్రీన్‌షాట్లు ఒక్కొక్కటే చదివారు. "మడమ నొప్పి అని ఇంట్లో చెప్పకు, శనివారం నువ్వు ఆడాలి" అన్న దగ్గర ఆగి, తేదీ, టైము రాసుకున్నారు. అదే రోజు కౌంటీ ఎఫ్‌ఏకి (ఆ ప్రాంతపు ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి) పంపారు. విచారణ తేలేదాకా ఆ కోచ్ పిల్లల దగ్గరికి రాకూడదన్నారు.

చెబితే టీమ్‌లోంచి తీసేస్తారేమోనని మా వాడికి ఒకటే టెన్షన్. తీసేయలేదు, వాడి పేరు కూడా బయటికి రాలేదు. ఇప్పుడు మెసేజ్‌లన్నీ తల్లిదండ్రులున్న గ్రూపులోనే వస్తున్నాయి. మడమ తగ్గేదాకా ఆట మాత్రం మాన్పించాం.

కోచ్‌కి డీబీఎస్ చెక్ (నేర చరిత్ర తనిఖీ) అయింది కదా అని దయచేసి ధీమాగా ఉండకండి, అందులో కనిపించేది పాత రికార్డే. క్లబ్‌లో చెప్పడానికి జంకుగా ఉంటే పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌ఎస్‌పీసీసీ సంస్థ హెల్ప్‌లైన్ 0808 800 5000కి ఫోన్ చేయండి, పేరు చెప్పనక్కర్లేదు. విచారణ తేలాక మళ్లీ రాస్తాను.