95 గిగాహెర్ట్జ్ తరంగం చర్మంలోకి ఎంత లోతు దిగుతుంది? లెక్క సగమే వస్తోంది

నమస్కారం. బెంగళూరులో ఎంటెక్ చేస్తున్నాను. సెమినార్ టాపిక్ అమెరికా సైన్యం ‘యాక్టివ్ డినయల్ సిస్టమ్’. ప్రాణం తీయకుండా ఒంటి మీద భరించలేని మంట పుట్టించి జనాన్ని చెదరగొట్టే కిరణం అది. 2010లో అఫ్గానిస్థాన్‌కు పంపి, వాడకుండానే వెనక్కి తెచ్చారు. మా సార్‌కి ఆ కథే ఇష్టం, నాకు మాత్రం లెక్క తేలడం లేదు.

ఆ ఆయుధం వాడే 95 గిగాహెర్ట్జ్ కిరణం చర్మంలో దాదాపు 0.4 మిల్లీమీటర్ల వరకే వెళ్తుందని అన్నిచోట్లా ఉంది. పొడి చర్మానికి పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు చెప్పే సంఖ్య) సుమారు 5.8, కండక్టివిటీ (విద్యుత్ వాహకత) మీటరుకు 39 సీమెన్స్ పెట్టి పవర్ 1/e కి, అంటే దాదాపు 37 శాతానికి తగ్గే లోతు కడితే 0.19 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతోంది. తడి చర్మం విలువలతోనూ చూశాను, కాస్త మారిందే గానీ రెట్టింపు కాలేదు. మాట్‌ల్యాబ్ (లెక్కల సాఫ్ట్‌వేర్) పక్కనపెట్టి చేత్తో కట్టినా అదే జవాబు. యూనిట్లు సరిగ్గానే ఉన్నాయి. విద్యుత్ క్షేత్రం 1/e కి తగ్గే లోతు తీసుకుంటే మాత్రం 0.38 వస్తోంది, అదే అనుమానంగా ఉంది.

మైక్రోవేవ్, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాలు) తెలిసినవాళ్లు చెప్పండి: ఆ 0.4 అనేది క్షేత్రం తగ్గే లోతా, పవర్ తగ్గే లోతా?