ఓడలో హత్యలు, అయినా హాయిగా సాగే సిరీస్‌లు ఇంకేమైనా ఉన్నాయా?

‘ది గుడ్ షిప్ మర్డర్’ చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 2023లో బ్రిటన్‌లోని ఛానల్ 5లో మొదలైంది. పోలీసు ఉద్యోగం వదిలేసి క్రూయిజ్ ఓడలో పాటలు పాడే జాక్ గ్రేలింగ్‌గా షేన్ వార్డ్, ఓడ అధికారి కేట్ వుడ్స్‌గా కేథరిన్ టిల్డెస్లీ నటించారు. మధ్యధరా తీరంలో రేవు మారితే కేసూ మారుతుంది. షేన్ నిజంగానే గాయకుడు (2005లో ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అనే టీవీ పాటల పోటీ గెలిచాడు), అందుకే పాటలు అతికించినట్టు ఉండవు. రక్తపాతం పెద్దగా లేకుండానే ఎవరు చేశారన్న టెన్షన్ నిలబెట్టడం నాకు బాగా నచ్చింది.

అమ్మతో కలిసి చూడగలిగే ఇలాంటివి చెప్పండి. ఓడే కానక్కర్లేదు, రైలైనా దీవైనా సరే. కానీ ఏ ఎపిసోడ్ కేసు ఆ ఎపిసోడ్‌లోనే తేలిపోవాలి, సీజనంతా సాగదీసేవి వద్దు. హంతకుడెవరో మాత్రం దయచేసి చెప్పకండి.