ఉత్తర ఇటలీ, 10 రాత్రులు, కారులో, అమ్మానాన్నలతో: మా ప్లాన్ చూసి తిట్టండి

కూకట్‌పల్లి_శీను:
నమస్తే అందరికీ. సెప్టెంబర్ ఆఖరి వారంలో మిలాన్‌కి టికెట్లు తీసేశాం, వీసాలు కూడా వచ్చేశాయి. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు, అమ్మ, నాన్న. నాన్నకి 67, మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. మాల్పెన్సా ఎయిర్‌పోర్టులోనే కారు తీసుకుని, తిరిగొచ్చేటప్పుడు అక్కడే ఇచ్చేద్దామని ఆలోచన. మిలాన్ 1 రాత్రి, కోమో సరస్సు 1, బెర్గమో 1, వెరోనా 1, వెనిస్ 2, బొలోన్యా 1, పార్మా 1, టూరిన్ 1, మళ్లీ మిలాన్ 1. మ్యాప్‌లో చూస్తే పక్క ఊరికి గంట, రెండు గంటలు, మహా అయితే రెండున్నర. హైదరాబాద్‌లో పదిహేనేళ్లు నడిపినవాడికి ఇటలీ ఒక లెక్కా అంటున్నాడు మా బావమరిది. తప్పులుంటే చెప్పండి, మొహమాటం వద్దు.

మ్యూనిక్_మూర్తి:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా శీను గారూ, పది రాత్రులకి తొమ్మిది హోటళ్లు. పొద్దున్నే సర్దుకోవడం, చెకౌట్, పార్కింగ్ వెతుక్కోవడం, మళ్లీ చెకిన్, ఈలోపు బాబు ఆకలంటాడు. మీ నాన్నగారు రోజూ చూసేది కారు డిక్కీనే.

ఇక అసలు విషయం. మీరు రాసిన ఊళ్లలో దాదాపు అన్నిటికీ నడిబొడ్డున జడ్‌టీఎల్ ఉంటుంది, అంటే బయటి కార్లకి ప్రవేశం లేని పాత పేట. గేటు ఉండదు, పోలీసు ఉండడు, పైన కెమెరా మాత్రం ఉంటుంది. నేను వెరోనాలో ఇరుక్కున్నది ఎలాగంటే, చీకటి పడింది, ఫోన్ కుడికి తిరగమంది, ఎదురుగా ఎలక్ట్రానిక్ బోర్డు మీద "వార్కో అత్తీవో" అని వెలుగుతోంది. అత్తీవో అంటే యాక్టివ్, అంటే దారి తెరిచే ఉందన్నమాట అనుకుని దర్జాగా పోనిచ్చా. దానర్థం కెమెరా పనిచేస్తోంది, లోపలికి రాకు అని! "నోన్ అత్తీవో" అని ఉంటేనే వెళ్లాలి. హోటల్ కనపడక అదే సందు చుట్టూ తిరిగి రెండోసారి కూడా అదే కెమెరా కింద నుంచి వెళ్లా. రెండుసార్లకి రెండు ఫైన్లు. మీరు అద్దె కారులో వెళ్తారు కాబట్టి మీ వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు అద్దె కంపెనీ కూడా ప్రతిదానికీ వేరే ఛార్జీ వేస్తుంది. విదేశాల్లో ఉండేవాళ్లకి నోటీసు పంపడానికి వాళ్లకి 360 రోజుల గడువుంది, కాబట్టి ఇంటికొచ్చి ఫొటోలు పంచుకున్నాక కూడా పండగ చేసుకోకండి. అయిదు రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గుతుంది, ఒక్కటే ఊరట.

పాత పేట లోపలే హోటల్ తీసుకోవాల్సి వస్తే కారు నంబరు ముందే వాళ్లకి ఇచ్చి అనుమతి జాబితాలో ఎక్కించమని అడగండి. చాలా హోటళ్లు చేస్తాయి, కానీ మీరు అడిగితేనే.

టూరిన్_పిల్ల:
శీను అన్నా, నేను ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నా, సొంత ఊరు తెనాలి. మిలాన్‌లో కారు అసలొద్దు. లోపలి భాగానికి ఏరియా సీ అంటారు, సోమవారం నుంచి శుక్రవారం దాకా పగలు కారు అందులో అడుగు పెడితే 7.50 యూరోలు. పార్కింగ్ దానికి అదనం. మెట్రో బంగారంలా ఉంటుంది. మిలాన్ నుంచి వెనిస్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో రెండున్నర గంటలు, దారిలోనే బ్రెషా, వెరోనా, పాదువా అన్నీ ఒకే లైన్ మీద దారంలో పూసల్లా ఉంటాయి. నెల ముందు బుక్ చేస్తే చవకగా వస్తుంది. రీజనల్ ట్రైన్‌కి పేపర్ టికెట్ కొంటే ఎక్కేముందు మెషీన్‌లో స్టాంప్ కొట్టించుకోవాలి, మర్చిపోతే టికెట్ ఉండి కూడా ఫైన్.

టూరిన్ ఒక్క రాత్రికి రాకండి అన్నా. ఒక్క ఈజిప్టు మ్యూజియానికే సగం రోజు పోతుంది.

కూకట్‌పల్లి_శీను:
అమ్మో. అయితే కారు మొత్తానికే వద్దా? మా ఆవిడకి ఇన్‌స్టాలో చూసిన కొండలు, సరస్సులు కావాలి. ట్రైన్‌లో సూట్‌కేసులతో అమ్మానాన్నల్ని ఎక్కించి దించాలంటే అదో టెన్షన్.

ఘాట్_రోడ్డు:
కారు కావాలి బాస్, కానీ ఊళ్ల మధ్య తిరగడానికి కాదు. నేను నిరుడు కారు తీసుకున్నది వెరోనాలో, ఇచ్చేసింది కూడా అక్కడే. మధ్యలో నాలుగు రోజులు డోలమైట్స్, గార్డా సరస్సు. ఊళ్లకి ట్రైన్, కొండలకి కారు, ఇంతే లెక్క.

వెరోనా నుంచి ఎ22 హైవే ఎక్కితే బోల్జానో 150 కిలోమీటర్లు. రెండు వైపులా ద్రాక్షతోటలు, ఆపిల్ తోటలు, సెప్టెంబర్ ఆఖరంటే కాయలు చెట్ల మీదే ఉంటాయి. కియూసా దగ్గర దిగి వాల్ గార్డేనా లోయలోకి వెళ్లాలి. అక్కడ బోర్డులు చూసి కంగారు పడకండి, ఒక్కో ఊరికి మూడేసి పేర్లు. ఓర్తిసేయి అని ఇటాలియన్‌లో, సాంక్ట్ ఉల్రిష్ అని జర్మన్‌లో, స్థానిక లాదిన్ భాషలో ఇంకోటి. మొదటి ప్రపంచ యుద్ధం దాకా అది ఆస్ట్రియా నేల, అందుకే హోటల్లో గుడ్‌మార్నింగ్ జర్మన్‌లో చెప్తారు.

ఓర్తిసేయిలో మూడు రాత్రులు పెట్టుకోండి. నాన్నగారి మోకాళ్లకి ఆల్పే ది సియూసీ సరిగ్గా సరిపోతుంది. కేబిన్ లిఫ్ట్ ఎక్కితే పైన 56 చదరపు కిలోమీటర్ల పచ్చిక మైదానం, చుట్టూ రాతి శిఖరాలు, దాదాపు సమంగా ఉండే బాటలు, అక్కడక్కడ బెంచీలు. పగలు మామూలు కార్లని పైకి రానివ్వరు, కాబట్టి లిఫ్టే దారి. పక్కనే సెల్లా, పోర్దోయి కనుమలు. పోర్దోయి ఎత్తు 2,239 మీటర్లు, ఒక వైపు 33 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకీ నంబరు రాసి ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకునేవాళ్లు ఇంట్లో ఉంటే నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి. మలుపుల కంటే సైకిళ్లతోనే జాగ్రత్త, కింద నుంచి బస్సు, పై నుంచి సైకిల్ ఒకేసారి వస్తాయి.

త్రే చీమే అనే మూడు శిఖరాల దగ్గరికి కారులో వెళ్లే టోల్ రోడ్డుకి 2025 నుంచి ముందే ఆన్‌లైన్ బుకింగ్ పెట్టారు. బ్రాయెస్ సరస్సు కూడా నడి వేసవిలో బుకింగ్ లేకుండా కారు రానివ్వరు. రెండూ ఓర్తిసేయికి దూరమే, మీ జట్టుతో అయితే నేను వదిలేస్తాను.

బ్రెషాలో_బావ:
నేను ఇక్కడ తొమ్మిదేళ్ల నుంచి ఉంటున్నా, రోడ్ల సంగతి నన్ను అడగండి. టోల్ ప్లాజాలో ఎక్కేటప్పుడు టికెట్ తీసుకోవాలి, దిగేటప్పుడు డబ్బు కట్టాలి. పసుపు రంగు టెలిపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) లైన్‌లోకి మాత్రం పోవద్దు. పొరపాటున పోతే రివర్స్ చెయ్యొద్దు, అది ఫైన్‌తో పోయే నేరం కాదు. ఎర్ర బటన్ నొక్కండి, మనిషి మాట్లాడతాడు, చీటీ వస్తుంది, 15 రోజుల్లో ఆన్‌లైన్‌లో కట్టేయొచ్చు. వేగం 130, వాన పడితే 110. కెమెరా కనపడగానే బ్రేక్ కొట్టి ఆ తర్వాత లాగించే మన తెలివి ఇక్కడ పనిచేయదు, చాలా చోట్ల రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కేస్తారు.

పెట్రోల్ బంకులో బెంజీనా అంటే పెట్రోల్, గజోలియో అంటే డీజిల్. గజోలియో వినడానికి గ్యాసోలిన్‌లా ఉంటుంది, అమెరికా నుంచి వచ్చిన మా బంధువు ఒకాయన పెట్రోల్ కారులో అదే కొట్టించి బెర్గమో పక్కన మూడు గంటలు కూర్చున్నాడు. ఫాయ్ దా తే అని రాసిన వైపు మనమే కొట్టుకోవాలి, అటు చవక. సెర్వీతో అన్న వైపు కుర్రాడొచ్చి కొడతాడు, లీటరుకి రేటు ఎక్కువ.

లైసెన్సుతో పాటు ఐడీపీ, అంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి, మీ ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది పనికొస్తుంది. క్రెడిట్ కార్డు డ్రైవర్ పేరు మీదే ఉండాలి. అయిదుగురు, అయిదు సూట్‌కేసులు అంటే మామూలు కారు చాలదు, స్టేషన్ వ్యాగన్ అడగండి, ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చేసుకోండి. కారు తీసుకునేటప్పుడు చుట్టూ వీడియో తియ్యండి, చక్రాల రిమ్ములతో సహా. రిమ్ము మీద పాత గీతకి మా తమ్ముడి దగ్గర 280 యూరోలు గుంజారు, కంపెనీ పేరు ఇక్కడెందుకులే.

పప్పుచారు:
అమ్మగారి తిండి గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి! గుడ్డు కూడా తినరంటే మొదట తెలుసుకోవాల్సింది పార్మేజాన్ చీజ్ గురించి. పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో రెండిటికీ పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థమే వాడతారు. మా అత్తగారు వారం రోజులు పాస్తా మీద చల్లుకుని తిన్నాక నాకు తెలిసింది, ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు, ఈ సైట్ ఆవిడ చూడరనే ధైర్యం. చీజ్ ప్యాకెట్ వెనక కాల్యో అన్న మాట చూడండి, కాల్యో వెజెతాలే అని ఉంటే ఇబ్బంది లేదు. చీజే వద్దనుకుంటే మరినారా పిజ్జా, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో అంతే. రిసోట్టో అన్నంలాగే ఉంది కదా అని నమ్మొద్దు, ఎక్కువ చోట్ల మాంసం ఉడికించిన నీళ్లలో వండుతారు, బ్రోదో అంటారు, అడిగి తీరాలి. మధ్యాహ్నం రెండున్నరకి వంటగది మూసేస్తే మళ్లీ రాత్రి ఏడు దాకా పొయ్యి వెలగదు. బిల్లులో కోపెర్తో అని తలకి ఒకటో రెండో యూరోలు వేస్తారు, గొడవ పడకండి, అది అక్కడి ఆనవాయితీ.

కొండల్లో పొలెంటా అడగండి. మొక్కజొన్న సంకటే. ఉత్తిదే తెప్పించుకుని మీ ఆవకాయ తియ్యండి.

బ్రెషాలో_బావ:
@పప్పుచారు మీ అత్తగారి కథకి నవ్వాగలేదు అక్కా. పార్మా వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఒక మాట. ఆ చీజ్‌కి పాలిచ్చే ఆవుల్ని చూసుకునేది చాలా చోట్ల మన పంజాబీలే. రెజ్జో ఎమీలియా దగ్గర నోవెల్లారాలో పెద్ద గురుద్వారా ఉంది. లోపల పప్పు, రొట్టె, తృప్తిగా తిని రావచ్చు.

మ్యూనిక్_మూర్తి:
వెనిస్ సంగతి మిగిలింది. కారు పియాజ్జాలే రోమా దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత అంతా నీళ్లు, వంతెనలు. దాదాపు ప్రతి వంతెనకీ మెట్లే. సూట్‌కేసులు, మోకాళ్లు రెండూ ఉన్న కుటుంబం వెనిస్‌కి ఇవతల నేల మీదున్న మెస్త్రేలో, స్టేషన్ ఎదురుగా ఉండడం మేలు, ట్రైన్ పది నిమిషాలు. అక్కడి వాటర్ బస్సు 75 నిమిషాల టికెట్టే 9.50 యూరోలు, అయిదుగురికి లెక్కేసి రోజు పాసులు చూసుకోండి. మెస్త్రే నుంచి ఒక పూట పాదువా వెళ్లి స్క్రోవేన్యీ చాపెల్ చూడండి, 1305 నాటికి జొత్తో వేసిన గోడ బొమ్మలు. ముందు ఏసీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టి, మన ఒంటి మీద తేమ, దుమ్ము తగ్గాక లోపలికి పంపుతారు, లోపల కూడా 15 నిమిషాలే. బుకింగ్ లేకుండా వెళ్లొద్దు. మిలాన్‌లో లియోనార్డో డావిన్చీ గీసిన లాస్ట్ సప్పర్ బొమ్మ కూడా అంతే, 15 నిమిషాలు, టికెట్లు నెలల ముందే అయిపోతాయి. మీకు ఇప్పటికే ఆలస్యమైందేమో, ఈ రాత్రే చూడండి.

కూకట్‌పల్లి_శీను:
అందరికీ దండాలు. ఇదీ కొత్త ప్లాన్: మిలాన్ 2, మెస్త్రే 3, అక్కణ్నుంచి ట్రైన్‌లో వెరోనా, అక్కడ కారు, ఓర్తిసేయి 3, గార్డా దగ్గర మాల్చెసినే 1, వెరోనాలో కారు ఇచ్చేసి ట్రైన్‌లో మిలాన్ 1. బొలోన్యా, పార్మా, టూరిన్, కోమో, బెర్గమో అన్నీ కొట్టేశాం. లాస్ట్ సప్పర్ దొరకలేదు. బావమరిది ఇంకా నవ్వుతున్నాడు.

టూరిన్_పిల్ల:
టూరిన్ కొట్టేశారా! సరే, ఈసారికి వదిలేస్తున్నా.

కూకట్‌పల్లి_శీను:
(మూడు వారాల తర్వాత) వచ్చేశాం. ఆల్పే ది సియూసీలో నాన్న ఒక బెంచీ మీద కూర్చుని రెండు గంటలు లేవలేదు. మెడలో గంటలున్న ఆవులు దగ్గరికొస్తే వాటితో తెలుగులో మాట్లాడుతున్నారు. ఇంకో లిఫ్ట్ ఎక్కుదామంటే మీరు వెళ్లిరండి అన్నారు. కింద హోటల్లో అమ్మ పొలెంటాలో ఆవకాయ కలుపుకుంటుంటే వడ్డించే అమ్మాయి కాస్త రుచి చూస్తానంది, చూసి, నీళ్లు తాగి, ఇంకాస్త అడిగింది. పోర్దోయి మీద బాబుకి ఏం కాలేదు, పందొమ్మిదో మలుపులో వాంతి చేసుకుంది మా ఆవిడ.

వెనిస్ నాకు అంతగా నచ్చలేదు, జనం ఎక్కువ, మెట్లు ఎక్కువ, నాన్న రెండో రోజు రూములోనే ఉండిపోయారు. మూడు రాత్రులు బదులు రెండు చాలు. వెరోనాలో రోమన్ల కాలం నాటి అరీనా బయట నుంచే చూశాం, అదొక్కటే మనసులో ఉంది.

జడ్‌టీఎల్‌లో పడలేదనే అనుకుంటున్నా. ఒక్క ఫైన్ మాత్రం పడింది, మాల్చెసినేలో తెల్ల గీతల్లో పెట్టాం, ఫ్రీ అనుకున్నాం, తిరిగొచ్చేసరికి వైపర్ కింద కాగితం. గంట వరకే ఫ్రీ అట, వచ్చిన టైము చూపించే అట్ట డిస్కు అద్దం వెనక పెట్టాలట.

సిద్దిపేట_సవారీ:
మేము మేలో పోతున్నం అన్నా, థ్రెడ్ మొత్తం చదివిన. ఆ డిస్కు యాడ దొరుకుతది?

బ్రెషాలో_బావ:
అద్దె కారైతే ముందు అద్దం మూలలోనో గ్లవ్ బాక్సులోనో వెతుకు తమ్ముడూ, చాలాసార్లు ఉంటుంది. లేకపోతే తబాకీ షాపులో అడుగు, పొగాకు కొట్టు, నల్ల బోర్డు మీద పెద్ద తెల్ల టీ అక్షరం ఉంటుంది. దిస్కో ఒరారియో అను. అదీ దొరక్కపోతే తెల్ల కాగితం మీద టైము రాసి పెట్టు, నేను రెండుసార్లు అలాగే గడిపేశా, మూడోసారి గ్యారంటీ ఇవ్వలేను.