గోవా ఇంక్విజిషన్ బొమ్మలు: సాక్ష్యమా, ఊహా?

అచ్చుబొమ్మ:

సెలవులకి గోవా వెళ్తున్నామని మా బంధువుల గ్రూపులో చెప్పగానే ఒకాయన పాత బొమ్మ ఒకటి పెట్టారు. ముందు జెండా, వెనక సన్యాసులు, ఆ వెనక పొడవాటి కాగితం టోపీలతో, కొవ్వొత్తులతో నడుస్తున్న జనం. కింద "గోవాలో హిందువులను కాల్చిన దృశ్యం" అని రాసి ఉంది. చూసినవాళ్ళందరూ ఫోటోని నమ్మినట్టు నమ్మేశారు.

ఈ బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. షార్ల్ దెలోన్ అనే ఫ్రెంచి వైద్యుణ్ణి 1673లో డామన్‌లో పట్టుకున్నారు. తర్వాత గోవా ఇంక్విజిషన్ (పోర్చుగీసు మత విచారణ కోర్టు) చెరలో పెట్టారు. 1676 జనవరి 12న ఊరేగించి శిక్ష చదివారు. ఆయన పుస్తకం 1687లో లైడెన్‌లో వచ్చింది. బొమ్మలు చేరింది మరుసటి ఏడాది పారిస్ ప్రతిలో. 1723లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బెర్నార్ పికార్ తన మతాచారాల సంపుటాల్లో ఇదే తరహా దృశ్యాలు మళ్ళీ చెక్కాడు. అంటే చూసినవాడు చెప్పాడు, చూడనివాడు గీశాడు, ఇంకొకడు దాన్ని చూసి గీశాడు. పైగా ఆ కోర్టు ముందుకొచ్చినవాళ్ళలో ఎక్కువమంది బాప్తిస్మం పొందాక పాత ఆచారాలు వదల్లేదని నింద పడ్డవాళ్ళు. కాబట్టి ఆ వ్యాఖ్యా సరికాదు, బొమ్మా సాక్ష్యం కాదు. దీన్ని చరిత్ర అని పంచడం తప్పని నా అభిప్రాయం.

కల్యాణి_పి:

అచ్చుబొమ్మ గారూ, వ్యాఖ్య తప్పన్నారు, ఒప్పుకుంటాను. బొమ్మే సాక్ష్యం కాదంటే మాత్రం ఒప్పుకోను. గోవా కోర్టు 1560లో మొదలైంది. 1774 నుంచి నాలుగేళ్ళు ఆగి, 1812 దాకా నడిచింది. మూసేశాక దాని కాగితాల్లో చాలా భాగం నాశనం చేశారు. కాగితాలు తగలబెట్టినవాళ్ళ ఊరి గురించి మాట్లాడుతూ, ప్రత్యక్షంగా గీసిన బొమ్మే కావాలంటే ఎలాగండీ? మనకి మిగిలిందే దెలోన్ మాట. ఆయన క్యాథలిక్కే, ఆ మతానికి శత్రువు కాదు.

ఇంకో సంగతి. బొమ్మలో అంగీల మీద మంటలు చూడండి. కాల్చబోయేవాడి అంగీ మీద మంటలు పైకి ఎగుస్తుంటాయి, వాటి మధ్య అతని ముఖమే గీసి ఉంటుంది. ఆఖరి నిమిషంలో తప్పు ఒప్పుకుని ప్రాణం దక్కించుకున్నవాడి అంగీ మీద మంటలు కిందికి తిరిగి ఉంటాయి. పోర్చుగీసులో దాన్ని "ఫోగు రెవోల్తు" అంటారు, తిరగబడ్డ మంట అని. పారిస్‌లో కూర్చున్న కళాకారుడికి ఇది ఎలా తడుతుంది? దెలోన్ రాసింది చదివి గీశాడు. చేయి పారిస్‌దే అయినా కళ్ళు దెలోన్‌వే.

నెల్లూరు_డాక్టర్:

నేను వైద్యుణ్ణి కాబట్టి నా దృష్టి వేరే చోటికి పోయింది. దెలోన్ చెరలో ఆశ వదులుకుని, జ్వరం వచ్చిందని నటించాడు. అతన్ని చూడటానికి ఎవర్ని పంపారో తెలుసా? ఒక హిందూ వైద్యుణ్ణి. దెలోన్ మాటలో "పండితుడు". ఆయన నరం కోసి రక్తం తీసి కట్టు కట్టి వెళ్ళాడు. తలుపు పడగానే దెలోన్ ఆ కట్టు విప్పేసుకున్నాడు, రక్తమంతా పోయి చచ్చిపోదామని. హిందూ ఆచారాలు పాటించారని జనాన్ని శిక్షించే కోర్టు, తన ఖైదీకి జబ్బు చేస్తే హిందూ వైద్యుణ్ణే పిలిచింది. ఆనాటి గోవా ఎలా ఉండేదో నాకు ఏ మంట బొమ్మ కన్నా ఇది ఎక్కువ చెప్పింది. మనం చూస్తున్న ఊరేగింపులో ఈ గది లేదు. చీకటి గదిలో ఒక చేయి, ఒక కట్టు, ఒక గిన్నె గీస్తే ఎవరు కొంటారు?

ఇక గార్సియా ద ఓర్తా. మన మందుమొక్కల మీద 1563లో గోవాలోనే పుస్తకం అచ్చు వేసిన వైద్యుడు. అందులో బొమ్మల్లేవు. 1567లో ఆంట్‌వెర్ప్‌లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని లాటిన్‌లోకి కుదించినప్పుడు బొమ్మలు చేర్చాడు. మొక్కల విషయంలోనూ అదే తంతు. ఓర్తా 1568లో పోయాడు. మరుసటి ఏడాది ఆయన చెల్లెలు కాతరీనాని కాల్చారు. 1580లో ఆయన ఎముకలు తవ్వి తీసి కాల్చారు. దెలోన్ ఊరేగింపు చివర కర్రల మీద మోసే దిష్టిబొమ్మలు, ఎముకల పెట్టెలు ఉంటాయి. చచ్చినవాళ్ళకీ శిక్ష ఉండేదన్నమాట. ఆ పెట్టెలు ఊహ కాదని ఓర్తా కథే చెప్తుంది.

పాత_పటాలు:

నాది కాస్త పక్క మాట. 1598లో బ్రౌన్, హోగెన్‌బర్గ్ అచ్చు వేసిన పోర్చుగల్ రాజధాని లిస్బన్ పటం చూడండి. రోసియూ అనే పెద్ద చౌకు ఉంటుంది. ఉత్తరం వైపు ఇంక్విజిషన్ భవనం, తూర్పు వైపు 1492లో పునాది వేసిన సర్వ పుణ్యాత్ముల రాజ ఆసుపత్రి, రెండిటి మధ్య మూలలో సావో డొమింగోస్ చర్చి. 1506లో బలవంతంగా క్రైస్తవులైన యూదుల ఊచకోత మొదలైంది ఆ చర్చిలోనే. రోగుల వార్డులు శిలువ ఆకారంలో కట్టి, మంచం మీద నుంచే పూజ అందేలా అమర్చారు. వైద్యం, మతం, శిక్ష నాలుగు అడుగుల దూరంలో ఉన్నాయి. ఈ పటాన్ని ఎవరూ గ్రూపుల్లో పంచరు, ఎందుకంటే ఒళ్ళు జలదరించదు.

1755 నవంబర్ 1న లిస్బన్‌లో వచ్చిన భూకంపం బొమ్మల సంగతీ అంతే. ఊరు చూడనివాళ్ళు గీసినవాటిలో అల, మంట, కూలే గోపురం అన్నీ ఒకే క్షణంలో. 1757లో పారిస్‌లో ల బా అనే కళాకారుడు చెక్కిన శిథిలాలు మాత్రం అక్కడే ఉండి గీసిన చిత్రాల నుంచి వచ్చినవి, వాటిలో కూలిన గోడలే ఉంటాయి. ఆసుపత్రి ఆ రోజు కాలిపోయింది. ఇప్పుడా చోటు ప్రాసా ద ఫిగైరా.

అచ్చుబొమ్మ:

డాక్టర్ గారు చెప్పిన కట్టు సంగతి చదివాక రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. "సాక్ష్యం కాదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గ్రూపులో బొమ్మ కింద ఇలా పెట్టాను: "1676 ఊరేగింపు, ఖైదీగా నడిచిన వైద్యుడి రాతను బట్టి పారిస్‌లో గీసినది. ఆ కోర్టులో నడిచిన కేసులు 16 వేలకు పైనే. అందులో ప్రాణాలతో కాలిపోయినవాళ్ళు కొద్దిమంది. మిగతావాళ్ళకి ఆస్తి జప్తు, చెర, దేశ బహిష్కారం."

కల్యాణి_పి:

బాగుందండీ. కానీ "కొద్దిమంది" దగ్గర ఆగిపోయాను. తగ్గించి చెప్పినట్టు ఉంది. ఆ పెట్టెలో ఎముకల గురించి కూడా ఒక ముక్క రాయండి.