అప్‌డేట్: కర్వ్ ఈవీనా, బీఈ 6నా?

పిల్లలతో తిరగడానికి ఈ రెండు ఎలక్ట్రిక్ కార్లలో ఏది భద్రమని పోయిన నెల అడిగాను. కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో రెండింటికీ 5 స్టార్లే. పెద్దల భద్రతలో 32 మార్కులకు టాటా కర్వ్ ఈవీకి 30.81, మహీంద్రా బీఈ 6కు 31.97. పిల్లల భద్రతలో 49కి 44.83, 45. ఇంత చిన్న తేడాకు టెన్షన్ అనవసరం అనిపించింది.

మీలో ఒకరు చెప్పినట్టు, పాప సీటునే షోరూములకు మోసుకెళ్లాను. అనంతపురం ఎండలో చెమటలు కారుతున్నా వెనక సీట్లో పిల్లల సీటు కోసమే ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకు బిగించి, రెండు చేతులతో గుంజి చూశాను. రెండింట్లోనూ టక్కుమని పడింది, కదల్లేదు. చివరికి బడ్జెట్‌కు అందిన కర్వ్ తీసుకున్నాం.

నా భయమంతా ఇప్పుడు వెనక సీటు బెల్టు గురించే. 6 ఎయిర్‌బ్యాగులున్నా బెల్టు లేకపోతే కష్టం. బెంగళూరు హైవే ఎక్కేముందు జేజికి నేనే పెడుతున్నాను.